పాటకు ముందు వచ్చే రూపాయి
(బెంగళూరు నాగరత్నమ్మ స్మారకోపన్యాస పాఠం)



నాగరత్నమ్మ గారి పేర జరిగే సభలో ఆవిడ గానం గురించీ, పాండిత్యం గురించీ చెప్పడానికి నాకంటే అర్హులు చాలామంది ఉన్నారు. నేను ఆవిడ డబ్బు గురించి మాట్లాడతానని అడిగాను. సంగీత సభలో డబ్బు మాట ఎత్తడం మర్యాద కాదని మనకొక అలవాటు. ఆ మర్యాద వల్ల ఎప్పుడూ నష్టపోయింది పాడేవాళ్లే.

దేవదాసి కుటుంబంలో పుట్టిన నాగరత్నమ్మ గారు మద్రాసులో పేరూ, ఇల్లూ, నగలూ సంపాదించుకున్న గాయని. 1910లో ముద్దుపళని ‘రాధికా సాంత్వనం’ పరిష్కరించి వావిళ్ల వారి చేత అచ్చు వేయించిన విదుషి. ఆ పుస్తకాన్ని తర్వాత ప్రభుత్వం నిషేధించింది. తిరువయ్యారులో కావేరి ఒడ్డున త్యాగరాజస్వామి సమాధి పాడుబడి ఉందని గురువు బిడారం కృష్ణప్ప గారి ద్వారా తెలిశాక, ఆవిడ తన ఆస్తీ, కచేరీల రాబడీ తీసుకెళ్లి అక్కడ పెట్టారు. 1921లో సమాధి దగ్గర గుడి పని మొదలై 1925లో ప్రతిష్ఠ జరిగింది. అక్కడ త్యాగరాజ ఆరాధన నడుపుతున్న రెండు వర్గాల వాళ్లూ ఆవిడ కట్టించిన ఆ గుడి ముందు ఆవిడకే వేదిక ఇవ్వలేదు. ఆడవాళ్లు పాడకూడదన్నారు. ఆవిడ ఇతర గాయనులను కూడగట్టుకుని గుడి వెనక వైపు మూడో ఆరాధన మొదలుపెట్టారు. మూడు వర్గాలూ ఒక్కటయ్యేసరికి 1940 ప్రాంతం వచ్చింది.

డబ్బు ఇచ్చిన మనిషికి గొంతు లేకపోవడం ఒక అన్యాయం. గొంతు ఉన్న మనిషికి డబ్బు లేకపోవడం ఇంకో అన్యాయం. ఈ రెండో దాన్ని సరిచేయబోయి మొదటిదాన్ని మళ్లీ తెచ్చుకోకుండా ఎలా అన్నదే ఈ సాయంత్రం నా విషయం. సినిమాకూ ఆడియో కంపెనీకీ అమ్ముడుపోని సంగీతకారులు బతకాలంటే, పాట పుట్టకముందే వాళ్ల వెనక కొద్దిమంది శ్రోతలు నిలబడాలి. పాట పుట్టాక దాన్ని అందరికీ వదలాలి. నేను చెప్పదలచుకున్నది ఇంతే. మిగతాదంతా దీని వివరం.

త్యాగరాజస్వామి జీవికకు రాజు లేడు, సంస్థానం లేదు. ఉంఛవృత్తి ఉంది. వీధి వెంట కీర్తన పాడుతూ వెళితే ఇల్లాళ్లు గుప్పెడు బియ్యం పోసేవాళ్లు. ఇప్పటికీ ఆరాధన రోజు పొద్దున్నే తిరువయ్యారు వీధుల్లో ఆ ఊరేగింపు జరుగుతుంది. మనం దాన్ని భక్తికి, వైరాగ్యానికి గుర్తుగా చూస్తాం. నాకు అందులో ఒక లెక్క కూడా కనిపిస్తుంది. ఒక్క ఇంటి బియ్యంతో ఆయన పూట గడవదు. ఒక్క ఇల్లు తలుపు వేసుకున్నంత మాత్రాన పస్తుండాల్సిన పనీ లేదు. ఏ ఒక్కరి దయ మీదా ఆధారపడకుండా వీధి మొత్తం మీద ఆధారపడటంలో స్వేచ్ఛ ఉంది. తంజావూరు కొలువును కాదనగలిగిన ధైర్యానికి ఆ గుప్పెళ్లు కూడా ఒక కారణమని నా నమ్మకం.

ఆయన తర్వాత ఆ కీర్తనలను కాపాడిందీ ప్రభువులు కాదు. వాలాజాపేట, ఉమయాళ్పురం, తిల్లైస్థానం శిష్య పరంపరలు. వాలాజాపేట వేంకటరమణ భాగవతార్, ఆయన కుమారుడు కృష్ణస్వామి భాగవతార్ రాసిపెట్టుకున్న ప్రతులు లేకపోతే ఎన్ని కృతులు మనకు దక్కేవి కావో! వాళ్లు సౌరాష్ట్రులు. పాడింది తెలుగు కీర్తనలు, బతికింది తమిళ దేశంలో. పాటను పంచుకోవడమంటే ఇంత శ్రమ.

ఇక మన పల్లెల సంగతి. తెలంగాణలో పటం కథలు చెప్పే కళాకారుల ఏర్పాటు చూడండి. పద్మశాలీలకు మార్కండేయ పురాణం చెప్పేది కూనపులి వాళ్లు, గౌడులకు చెప్పేది గౌడజెట్టీలు, మాదిగలకు జాంబపురాణం చెప్పేది డక్కలి వాళ్లు. చేర్యాల నకాషీ చిత్రకారుల దగ్గర గుడ్డ మీద పటం గీయించుకుని, దాన్ని విప్పి చూపిస్తూ కథ నడుపుతారు. ఒక్కో కుటుంబానికి ఇన్ని ఊళ్లని మిరాశీ ఉంటుంది. అన్నదమ్ములు విడిపోతే పొలాలు పంచుకున్నట్టే ఊళ్లూ పంచుకుంటారు. ఏడాదికో రెండేళ్లకో వాళ్లు వచ్చినప్పుడు ఆ కులంవాళ్లు ధాన్యమో, డబ్బో, బట్టలో ఇవ్వాలి. అది భిక్ష కాదు. రావలసిన మేర. ఇవ్వకపోతే అడిగే హక్కు కథకుడికి ఉంది.

ఇందులో నన్ను ఎక్కువగా ఆలోచింపజేసిన విషయం ఒకటి ఉంది. డబ్బిచ్చేది ఒక్క కులం. కథ వినేది ఊరంతా. కూనపులి కథకుడు పటం కట్టిన చోటికి పద్మశాలీలే రావాలని ఎవరూ కంచె వేయలేదు. కుమ్మరి, చాకలి, పిల్లా జెల్లా అందరూ కూర్చుని విన్నారు. ఇచ్చేవాళ్లూ వినేవాళ్లూ ఒకరే కానక్కర్లేదని, కొద్దిమంది భారం మోస్తే పాట అందరిదీ అవుతుందని ఆ పద్ధతికి తెలుసు. పాటకు వెల కట్టి టికెట్టులాగా చింపి ఇవ్వడం తర్వాత వచ్చిన బుద్ధి.

ఆ ఏర్పాటును నేను ఆకాశానికి ఎత్తడం లేదు. అది కులంతో బిగించిన ముడి. డక్కలి వాళ్లు తమ దాతల కంటే కూడా కింద, వాడకు వెలుపల ఉండాల్సి వచ్చింది. పురాణం చెప్పే నోటికి గౌరవం, ఆ మనిషికి దూరం. దాన్ని యథాతథంగా తిరిగి తెచ్చుకోవాలని ఎవరూ అనకూడదు. ఆ ముడి తెగిపోవడం మంచిదే. తెగిన చోట ఇంకేదీ కట్టకుండా వదిలేశాం. బాధ అక్కడుంది.

దర్శనం మొగులయ్య గారి పేరు మీ అందరికీ తెలుసు. పన్నెండు మెట్ల కిన్నెర వాయించే డక్కలి కళాకారుడు. 2021లో ‘భీమ్లా నాయక్’ పాట ఆరంభంలో ఆయన గొంతు ప్రపంచంలో తెలుగువాళ్లున్న ప్రతిచోటా వినిపించింది. 2022లో పద్మశ్రీ వచ్చింది, రాష్ట్ర ప్రభుత్వం పెద్ద మొత్తమే సాయం చేసింది. 2024లో హైదరాబాదు శివార్లలో ఆయన కూలిపని చేస్తున్నారన్న వార్త ఫొటోలతో సహా వచ్చింది. వచ్చిన డబ్బు కుటుంబ అవసరాలకు ఖర్చయిపోయిందనీ, నెలనెలా వచ్చే భృతి ఆగిందనీ ఆయనే చెప్పుకున్నారు. కోట్లమంది విన్నారు, బిరుదు వచ్చింది, ఒక్కసారిగా డబ్బూ వచ్చింది. లేనిదల్లా నెలనెలా ఆయన కోసం నిలబడే శ్రోతల గుంపు. మన పెద్దలు ఊళ్లు పంచి ఇచ్చింది సరిగ్గా అందుకే. పాటకు ఒకనాడు చప్పట్లు కొట్టి ఊరుకోకుండా, పాడేవాడి సంవత్సరం గడవాలని.

చప్పట్లతో పాటు డబ్బు ఇచ్చే అలవాటు మనకు లేక కాదు. హరికథలో పళ్లెం తిరిగేది. బుర్రకథలో, పద్యనాటకంలో చదివింపులుండేవి. ఫలానా వారు నూటపదహార్లు చదివించారని పేరు చదివితే ఇచ్చినవాడికి నిండుగా ఉండేది. జన నాట్యమండలి పాటలు చిన్న చిన్న పుస్తకాలుగా, తర్వాత క్యాసెట్లుగా సభల్లో చేతులు మారాయి. కొన్నవాడు ఊరికి వెళ్లి పదిమందికి నేర్పేవాడు. గద్దర్ పాట ఏ కంపెనీ పంపిణీ చేస్తే అన్ని ఊళ్లకు వెళ్లింది? పుస్తకం కొన్న రెండు రూపాయలే మళ్లీ పుస్తకం అచ్చుకు పెట్టుబడి.

ఇప్పుడు పాట ఫోనులోకి వచ్చింది. ఫోనులో డబ్బు ఎలా పంచుతారో చాలామంది శ్రోతలకు తెలియదు, తెలిస్తే బాధపడతారు. మీరు నెలనెలా చందా కట్టి ఒక స్ట్రీమింగ్ యాప్‌లో నెలంతా ఒకే ఒగ్గు కథకుణ్ణి విన్నారనుకోండి. మీ డబ్బు నేరుగా ఆయనకు వెళ్లదు. చాలా యాప్‌లలో అందరి చందాలూ ఒక కుప్ప పోసి, మొత్తం ఎన్నిసార్లు ఎవరి పాటలు మోగాయో ఆ దామాషాలో పంచుతారు. మీరు వినని సినిమా పాటకే మీ రూపాయిలో పెద్ద భాగం పోతుంది. ఎవరు విన్నది వాళ్లకే పంచే పద్ధతిని సౌండ్‌క్లౌడ్ 2021లో మొదలుపెట్టింది గానీ మిగతావాళ్లు పెద్దగా ఆ దారి పట్టలేదు. 2024 నుంచి స్పాటిఫైలో ఇంకో నిబంధన వచ్చింది. గడచిన 12 నెలల్లో 1,000 సార్లయినా మోగని పాటకు రికార్డింగ్ రాయల్టీ అసలే రాదు. చిన్న ఊరి గాయని పాటను 900 సార్లు విన్నవాళ్లున్నా, లెక్కలో ఆ పాట లేనట్టే.

యూట్యూబ్‌లో జానపదం బాగా నడుస్తోందిగా అంటారు. నడుస్తోంది. ఆ పాటలకు లక్షల్లో వీక్షణలు రావడం చూసి నేనూ సంతోషించాను. అయితే చాలా పాటల్లో గాయనికి ఒక్కసారి ఇచ్చే పారితోషికం తప్ప మరేమీ ఉండదు, హక్కులన్నీ ఛానెల్‌వి. ఊళ్లో ఒక ముసలావిడ నోట విన్న నాటు పాట కూడా ఎవరి రికార్డింగో అయ్యాక, అదే పాట ఇంకొకరు పాడితే కాపీరైటు అభ్యంతరం వచ్చి పడుతోంది. పాట ఎవరి సొత్తూ కాదు, రికార్డింగు మాత్రం వాళ్ల సొత్తు. ఈ తేడా మన పిల్లలకు చెప్పేవాళ్లు లేరు.

ఇంకో దారి ఉందని వేరే దేశాల్లో కొందరు చూపించారు. ఇంగ్లండుకు చెందిన మరిలియన్ అనే బృందానికి 1997లో అమెరికా పర్యటనకు డబ్బు లేకపోతే, అక్కడి అభిమానులు తమంతట తామే దాదాపు 60,000 డాలర్లు పోగుచేశారు. ఆ బృందానికి కళ్లు తెరుచుకున్నాయి. కొన్నేళ్ల తర్వాత ఒక ఆల్బమ్‌కు కంపెనీ దగ్గర అడ్వాన్సు తీసుకోలేదు. తమ దగ్గరున్న అభిమానుల చిరునామాలకు ఈమెయిళ్లు పంపి, ఇంకా తయారుకాని ఆల్బమ్‌ను ముందే కొంటారా అని అడిగారు. 12,000 మందికి పైగా కొన్నారు. 2001లో ఆల్బమ్ వచ్చింది. గమనించండి, వాళ్ల అసలు ఆస్తి ఆ చిరునామాల జాబితా.

అమెరికాలో మరియా ష్నైడర్ అనే జాజ్ స్వరకర్త కథ నాకు మరీ ఇష్టం. ఆవిడది పెద్ద వాద్యబృందం. అంతమందిని స్టూడియోలో కూర్చోబెట్టి రికార్డు చేయడమంటే మాటలు కాదు. ఆర్టిస్ట్‌షేర్ అనే వేదిక ద్వారా శ్రోతల దగ్గర ముందే డబ్బు తీసుకుని, ప్రతిఫలంగా వాళ్లను స్వరరచన జరిగే గదిలోకి రానిచ్చారు. స్వరలిపులు చూపించారు, ఎక్కడ తడబడుతున్నదీ చెప్పారు. ‘కాన్సర్ట్ ఇన్ ద గార్డెన్’ 2004లో వచ్చింది. దుకాణాల్లో అమ్మకానికి పెట్టకుండానే 2005లో గ్రామీ పొందింది. అలా గ్రామీ పొందిన తొలి ఆల్బమ్ అదే. శ్రోతలు డబ్బిచ్చింది సీడీ కోసమే అనుకుంటే పొరపాటు. ఒక రాగం ఎలా రూపు కడుతుందో దగ్గరగా చూసే అవకాశం కోసం ఇచ్చారు. మన గురుకులంలో శిష్యుడికి ఉచితంగా దొరికేది అదే కదా. మన వీణ విద్వాంసులు, మన మృదంగ విద్వాంసులు సాధన గదిలో చేసే ఆలోచన వినడానికి నెలకు నూరు రూపాయలు సంతోషంగా ఇచ్చేవాళ్లు ఈ సభలోనే ఉన్నారు. అడిగినవాళ్లు లేరు.

అడిగిన తర్వాత ఏం జరుగుతుందన్నది ఇంకా ముఖ్యం. 2012లో అమాండా పామర్ అనే గాయని కిక్‌స్టార్టర్ అనే వేదికలో లక్ష డాలర్లు అడిగితే దాదాపు 25,000 మంది కలిసి 12 లక్షల డాలర్ల దాకా ఇచ్చారు. తర్వాత పర్యటనలో ఊరూరా స్థానిక వాద్యకారులను జీతం లేకుండా వచ్చి వాయించమన్నారు. పెద్ద గొడవైంది, చివరకు డబ్బు చెల్లించారు. మనకిది పరాయి గొడవ కాదు. పోస్టరు మీద గాయకుడి బొమ్మ, కింద చిన్న అక్షరాల్లో ప్రక్కవాద్యం. సంభావనలోనూ అంతే తేడా. శ్రోతల డబ్బుతో పాట చేస్తున్నప్పుడు వయొలిన్, మృదంగం, ఘటం, డప్పు, డోలు వాయించేవాళ్ల వాటా ముందే రాసి అందరికీ చూపించాలి. లేకపోతే ఊరంతా కలిసి ఒకరిని నిలబెట్టి నలుగురిని పడగొట్టినట్టవుతుంది.

వేదికలను నమ్మడంలోనూ జాగ్రత్త కావాలి. 2009లో బ్రిటన్‌లో మొదలైన ప్లెడ్జ్‌మ్యూజిక్ అచ్చంగా సంగీతకారులకు శ్రోతల డబ్బు చేర్చడానికే పుట్టింది. 2019లో మూతపడింది. శ్రోతలు ఇచ్చేశారు, సంగీతకారులకు చేరలేదు. బ్యాండ్‌క్యాంప్ మంచి వేదిక, ఇప్పటికీ దాని పద్ధతి న్యాయమైనదే. శ్రోత కొన్నదాంట్లో పెద్ద భాగం సంగీతకారుడికే వెళుతుంది, ఫైలు కొన్నవాడి దగ్గరే ఉంటుంది. కరోనా కాలంలో, 2020 మార్చి 20న, ఒక్కరోజు తన వాటా వదులుకుంటానని అది ప్రకటిస్తే ఆ రోజే 43 లక్షల డాలర్ల సంగీతం అమ్ముడైంది. కానీ అదే బ్యాండ్‌క్యాంప్‌ను 2022లో ఒక వీడియో గేముల కంపెనీ కొంది, 2023లో ఇంకో కంపెనీకి అమ్మింది, సగం మంది ఉద్యోగులు ఇంటికి పోయారు. అద్దె ఇల్లు ఎంత బాగున్నా ధాన్యం మన గాదెలోనే పోసుకోవాలి. రికార్డింగు మూల ప్రతులు, శ్రోతల పేర్లూ ఫోన్ నంబర్లూ సంగీతకారుల చేతిలో ఉండాలి. వేదిక మారినా వాళ్లు మారరు.

మన దగ్గర సాధనం ఇంకా సులువు. 2016లో యూపీఐ వచ్చాక కూరగాయల బండి దగ్గర కూడా పది రూపాయలు ఫోనులో పంపుతున్నాం. ఒకప్పుడు చందా పుస్తకం పట్టుకుని ఇల్లిల్లూ తిరిగిన సభా కార్యదర్శుల్లో నేనూ ఒకణ్ణి. మా సభకు ఏడాదికి ఇంతని కట్టే చందాదారులుండేవాళ్లు. వాళ్లకు ఏ నెలలో ఎవరి కచేరీ ఉందో తెలుసు. నచ్చకపోతే నా గుమ్మంలో నిలబడి కడిగేసేవాళ్లు, నచ్చితే పిల్లల్ని తీసుకొచ్చేవాళ్లు. తర్వాత్తర్వాత ప్రవేశం ఉచితమని బోర్డు పెట్టడం గొప్పయింది. చందాదారులు తగ్గి ప్రాయోజకులు పెరిగారు. బ్యానరు మీద గాయని పేరు కంటే నగల దుకాణం పేరు పెద్దదైంది. ఉచిత ప్రవేశం మీద నాకు కోపం లేదు, పాట అందరూ వినాల్సిందే. ఆ ఉచితం వెనక భారం మోసే శ్రోతలు కనబడకుండా పోవడం మీద కోపం.

అందుకని నా ప్రతిపాదన. ఒక గాయనికో, ఒక బృందానికో 200 మంది శ్రోతలు నెలకు 150 రూపాయలు ఇస్తే 30,000. ఏడాదికి 3,60,000. దాంతో ఎవరూ మేడలు కట్టరు. కానీ ఇంటి అద్దె భయం లేకుండా సాధన సాగుతుంది, ఏడాదికో ఆల్బమ్ రికార్డు అవుతుంది, ప్రక్కవాద్యాలకు మర్యాదగా ఇవ్వొచ్చు. 200 మంది పెద్ద సంఖ్య కాదు. ఇది మన ఊరి చిన్న పెళ్లికి వచ్చే జనం కంటే తక్కువ. అమెరికాలో, గల్ఫులో, ఆస్ట్రేలియాలో ఉన్న మనవాళ్లు కళాకారులను పిలిపించి శాలువా కప్పి, ఫొటో దిగి పంపుతుంటారు. వాళ్లనూ ఇదే అడుగుతున్నాను. విమానం ఖర్చులో కొంత ఆ కళాకారులు ఇంటి దగ్గర గడిపే పదకొండు నెలలకు మళ్లించండి.

డబ్బిచ్చిన 200 మందికి ఏమివ్వాలి? అందరికంటే ముందు వినే హక్కు, ఏడాదికోసారి దగ్గర కూర్చుని వినే కచేరీ, లెక్కలు చూసే హక్కు. ఏ పాట పాడాలో శాసించే హక్కు మాత్రం ఇవ్వకూడదు. ఈ మాట మీద నేను రాజీ పడను. ఇచ్చేవాళ్లు గీత గీస్తే, పాడేవాళ్లు గుడి వెనక్కి పోవాల్సివస్తుంది. లాభంలో వాటా ఇస్తామని ఎవరికీ ఆశ పెట్టవద్దు. అది వేరే చట్టాల్లోకి వెళ్లే వ్యవహారం. అందిన డబ్బును సంగీతకారులు తమ ఆదాయంగానే లెక్కల్లో చూపించాలి.

డబ్బు ఇవ్వనివాళ్ల సంగతి? వాళ్లకూ పాట ఇవ్వాలి. ఇక్కడ చాలామంది మిత్రులు నాతో విభేదిస్తారు. డబ్బు కట్టినవాళ్లకే తలుపు తెరవాలంటారు. కొన్ని నెలలు అలా ఉంచినా తర్వాత తలుపు తీసేయాలన్నది నా పక్షం. ఢిల్లీకి చెందిన ఇండియన్ ఓషన్ బృందం 2010లో ‘16/330 ఖజూర్ రోడ్’ ఆల్బమ్‌ను నెలకో పాట చొప్పున ఎవరైనా ఉచితంగా దించుకునేలా ఇచ్చింది. వాళ్ల గాయకుడు, తబలా కళాకారుడు అశీమ్ చక్రవర్తి అంతకుముందు డిసెంబరులోనే చనిపోయారు. ఆయన గొంతున్న ఆ పాటలను వాళ్లు కంపెనీ చేతికి అప్పగించలేదు, శ్రోతల చేతిలో పెట్టారు. పాట తిరిగితేనే కొత్త శ్రోత దొరుకుతాడు. వాళ్లలోంచే రేపటి 200 మంది వస్తారు.

తలుపు తీయడమంటే హక్కు వదులుకోవడం కాదు. 2012 కాపీరైటు సవరణ తర్వాత పాట రాసినవాళ్లకూ, బాణీ కట్టినవాళ్లకూ రాయల్టీలో సమాన వాటా హక్కు ఉంది. దాన్ని కంపెనీకి రాసిచ్చినా ఆ రాత చెల్లదు. వారసులకు, కాపీరైటు సొసైటీకి తప్ప మరెవరికీ ఆ హక్కు బదిలీ కాదు. రచయిత జీవితకాలం, ఆపైన 60 ఏళ్లు పాట హక్కు ఉంటుంది. వెనక వరుసల్లో కూర్చున్న యువ సంగీతకారులారా, ఛానెల్ వాళ్లు ఇచ్చే కాగితం మీద సంతకం పెట్టే ముందు ఈ మూడు సంగతులూ గుర్తు చేసుకోండి. మీ పాటను పంచుకోవడానికి మీరే అనుమతి ఇవ్వండి, ఎవరు ఎలా వాడుకోవచ్చో మీరే రాయండి.

పాడుతున్నది సంప్రదాయ పాటైతే ఇంకో బాధ్యత ఉంది. ఆ పాట ఇచ్చిన ఊరి పేరూ, నేర్పిన మనిషి పేరూ వారి అనుమతితో చెప్పండి. వచ్చేదాంట్లో కొంత వారికి పంపండి. చట్టం అడగకపోయినా సరే, పంపండి.

నిర్వాహకులకు ఒక విన్నపంతో ముగిస్తాను. ఈ సభ తరపున ఒక శ్రోతల నిధి మొదలుపెట్టండి. తొలి ఏడాది ఇద్దరే చాలు. ఒకరు కచేరీ వేదిక మీది గాయని, ఒకరు కిన్నెరో, ఒగ్గు డోలో, బుర్రవీణో పట్టుకున్న పల్లె కళాకారుడు. నిధి సంఘంలో సగం మంది సంగీతకారులే ఉండాలి, అందులో ప్రక్కవాద్యం వాళ్లూ ఉండాలి, ఆడవాళ్లు తప్పనిసరిగా ఉండాలి. మూడు నెలలకోసారి లెక్క బయట పెట్టండి. నాకు ఇవ్వదలచిన సంభావనను ఆ ఖాతాలో మొదటి జమగా రాయండి. సంఘంలో ఎవరుండాలన్నది ఇప్పుడు జరగబోయే చర్చలో మీరే తేల్చాలి.